గాజు ఇల్లు – వ్రాయని ఒడంబడిక

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అని మన పెద్దలన్న మాట ఊరక పుట్టినది కాదు. ఈ రెండు కార్యములందును మొదట మాటలతో తేలిపోయినదంతయు చివరకు లెక్కయై తిరిగివచ్చును. సున్నము, ఇసుక, కలప, కూలి – ఒక్కొక్కటియు అనుకొన్నదానికంటె నాలుగు రూపాయలు హెచ్చుగనే పడును. తాపీమేస్త్రీతో ఎంత వాదము జరిగినను, తుదకు ఇటుకలు లెక్కపెట్టి, గోడలు కొలిచి, నలుగురు పెద్దమనుష్యులు కూర్చుండి తగవు తీర్పగలరు. కంటికి కనుపించు వస్తువు నడుమ నున్నది గనుక అది సాధ్యము.

కాని నేటి గృహనిర్మాణములో మరియొక వ్యక్తి గలడు. ఆయన ఇటుక పెట్టడు, సున్నము కలుపడు. కాగితముపై గీతలు గీయును. ఆ గీతలే ఇల్లగును. ఆయనను వాస్తుశిల్పి యందుము. ఆయన మనకిచ్చునది వస్తువు కాదు, ఆలోచన. ఆలోచనకు వెల కట్టుట యెట్లు? ఆ ఆలోచన ననుసరించి కట్టిన ఇల్లు యజమానికి నచ్చకపోయినచో తప్పెవరిది? చెప్పిన వ్యయము మించిపోయినచో ఆ భారమెవరు మోయవలెను? ఈ ప్రశ్నలు అనేక దేశములందు న్యాయస్థానముల మెట్లెక్కినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది, అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రమున 1952వ సంవత్సరమున విచారణకు వచ్చిన ఒక వ్యాజ్యము. ఒక వంక షికాగో నగరపు వైద్యురాలు. మరియొక వంక ప్రపంచ ప్రఖ్యాతుడైన శిల్పి. వారి నడుమ ఒక గాజు ఇల్లు.

విందులో కలిగిన పరిచయము

ఎడిత్ ఫార్న్స్‌వర్త్ 1903లో షికాగోలో జన్మించెను. యౌవనమున సాహిత్యము చదివి, వయొలిన్ అభ్యసించుటకై ఇటలీకి వెళ్లి, తుదకు వైద్యవిద్య ముగించి, మూత్రపిండ వ్యాధులందు నిపుణురాలని పేరు గడించెను. వైద్యవృత్తిలో స్త్రీలు అరుదుగా కానవచ్చిన కాలమది. ఆమె అవివాహిత. వారమంతయు రోగులతోడను పరిశోధనతోడను గడచిపోగా, వారాంతమునందైనను పట్టణపు రొదకు దూరముగా నుండుటకు ఒక చిన్న ఇల్లు కావలెనని ఆమె కోరిక. షికాగోకు సుమారు 55 మైళ్ల దూరమున, ప్లానో అను ఊరి చెంత, ఫాక్స్ నది యొడ్డున ఆమెకు స్థలము కుదిరెను.

మీస్ వాన్ డెర్ రోహ్ జర్మనీ దేశీయుడు. 1886లో ఆహెన్ పట్టణమున రాతిపనివారి ఇంట జన్మించెను. ఆధునిక శిల్పకళకు పుట్టినిల్లని చెప్పదగిన బౌహౌస్ విద్యాలయమునకు 1930 మొదలు 1933లో అది మూతపడువరకు అధ్యక్షుడుగా నుండెను. 1938లో అమెరికాకు వలస వచ్చి, షికాగోలో వాస్తువిద్య బోధించు ఆచార్యుడయ్యెను. అనవసరమైనదెల్ల తొలగింపగా మిగిలినదే సౌందర్యమని ఆయన మతము.

1945లో మిత్రుల యింట జరిగిన ఒక విందులో వీరిరువురకు పరిచయ మయ్యెను. తన చిన్న ఇంటికి ప్లాను గీయుటకు ఆయన కార్యాలయములోని యువకుడెవరైనను దొరకునా యని ఆమె యడిగెను. తానే గీయుదునని ఆయన యనెను. అంతటి శిల్పి తన ఇంటిని రచించుట ఆమెకు గర్వకారణము. అడ్డుచెప్పని యజమాని దొరకుట ఆయనకు భాగ్యము. ఇరువురును కలసి నదీతీరమునకు వెళ్లి స్థలము చూచివచ్చిరి. ఇల్లు ఎట్లుండవలెనో గంటల తరబడి ముచ్చటించిరి. కాని ఒక్క కాగితముపైనను ఒక్క షరతైనను వ్రాసికొనలేదు. గౌరవము, ఉత్సాహము, స్నేహము – ఈ మూడే వారి ఒడంబడిక.

1947లో న్యూయార్కు నగరములోని ఆధునిక కళాప్రదర్శనశాలలో మీస్ రచనల ప్రదర్శనము జరిగినపుడు, ఇంకను పునాదియైనను పడని ఈ ఇంటి నమూనా అందు చోటు చేసికొనెను. ఇల్లు పుట్టక మునుపే దానికి పేరు పుట్టినది.

గోడలు లేని ఇల్లు

1949లో నిర్మాణ మారంభమై 1951లో ముగిసెను. ఆ ఇంటిని వర్ణించుట మిక్కిలి సులభము; అందు నివసించుటను ఊహించుట కష్టము. తెల్లరంగు పూసిన ఎనిమిది ఉక్కు స్తంభములు. వానిని పట్టుకొని, నేలకు అయిదడుగుల పైయెత్తున తేలుచున్నట్లుండు ఒక గచ్చు. దానిపై ఒక కప్పు. దాదాపు 77 అడుగుల పొడవు, 28 అడుగుల పైచిలుకు వెడల్పు. నాలుగు వైపులను గోడలకు మారుగా నేలనుండి కప్పువరకు గాజుపలకలు. లోపల గదులు లేవు. నడుమ నొక కొయ్యపెట్టె వంటి కట్టడము. స్నానపుగదులు, వంటసామగ్రి, చలిమంటకు పొయ్యి అన్నియు దానిలోనే యిమిడియున్నవి. తక్కినదంతయు ఒకటే చావడి. బయట చెట్లు, నది, ఆకాశము.

మన పాతయిండ్లను ఒకసారి తలచుకొందము. వీధియరుగు ఊరివారిది, నట్టిల్లు ఇంటివారిది, రెంటి నడుమ గడప. ఎవరి చూపు ఎంతవరకు రావలెనో ఆ గడపయే చెప్పును. ఈ ఇంటికి అట్టి గడప లేదు. చూపునకు అడ్డు లేకుండుటయే దాని సౌందర్యము. పగలు లోపలివారు ప్రకృతిని చూతురు. రాత్రి దీపము వెలిగింపగనే బయటివారికి లోపలివారే దృశ్యమగుదురు.

అందు నివసింపనారంభించిన పిమ్మట ఫార్న్స్‌వర్త్‌కు కష్టములు తెలియవచ్చినవి. పైకప్పు కారుచున్నదని, చలికాలమున అద్దముల లోపలివైపున నీరు పట్టుచున్నదని, వేడి చాలుట లేదని ఆమె మొరపెట్టెను. ఎండకాలమున గాజుపెట్టె ఉడికిపోయెను. బట్టల బీరువా యెక్కడ నుంచవలెనన్నది కూడ ఒక వివాద మయ్యెను. వంటతొట్టి క్రింద చెత్తడబ్బా యుంచుటకైనను, బయటినుండి ఎట్లు కనుపించునో యని ఆలోచింపవలసి వచ్చుచున్నదని ఆమె వాపోయెను. ఏకాంతము కోరి కట్టించుకొన్న ఇల్లు ప్రదర్శనశాల యయ్యెను. చూడవచ్చిన వింతజనుల తాకిడి వేరు.

‘అంచనా’ అను మాట

అయినను, వ్యాజ్యమునకు మూలము ఈ కష్టములు కావు, డబ్బు. ఇచ్చట విద్యార్థులు ఒక మాటను జాగ్రత్తగా గమనింపవలెను. ఆ మాట ‘అంచనా’.

తొలినాళ్ల ముచ్చటలలో 40,000 డాలర్లు అను సంఖ్య వినవచ్చెను. నిర్మాణమునకు ముందు అంగీకరించిన వ్యయము 58,400 డాలర్లు. 1950లో కొరియా యుద్ధము మొదలగుటతో సామగ్రి ధరలు పెరిగెను. తుదకు ఇంటికైన వ్యయము సుమారు 74,000 డాలర్లు. శిల్పియే గుత్తదారు పని కూడ వహించి, సామగ్రి తెప్పించి, పనివారిని నియమించి, బిల్లులు యజమానురాలికి పంపుచుండెను. ఇక ఆయన సొంత రుసుము ఎంత? అది ఎచ్చటను వ్రాయబడలేదు.

అంచనా యనగా చెప్పువాని నోట ఊహ. వినువాని చెవిలో వాగ్దానము. “నలుబది వేలు కావచ్చును” అని ఒకరన్నచో, రెండవవారు “నలుబది వేలు” అన్నంతవరకే విందురు. ‘కావచ్చును’ అను పదము గాలిలో కలసిపోవును. ఇందు మోస మక్కరలేదు. ఇరువురును నిజము పలుకువారే అయి కూడ, ఒకే మాటను రెండు విధములుగ గుర్తుంచుకొనుట లోకసహజము. స్నేహ మున్నంతకాలము ఆ భేదము బయటపడదు. అది చెడిన మరునాడు ఆ మాటయే రెండు అర్థములై ఎదురెదురుగా నిలుచును. వీరి విషయమున జరిగినదియు ఇదియే. ఇల్లు పూర్తియగు నాటికి వారి మైత్రి పూర్తిగా చల్లారెను.

న్యాయస్థానములో

1951లో మీస్ తనకు రావలసిన బాకీ సుమారు 28,000 డాలర్లు ఇప్పింపుమని దావా వేసెను. ఫార్న్స్‌వర్త్ ఎదురుదావా వేసెను. ఇంటిని 40,000లో కట్టింతునని నమ్మబలికి, అంతకు మించి తనచే ఖర్చు పెట్టించిన దాదాపు 34,000 డాలర్లు తిరిగి ఇప్పింపవలెనని ఆమె కోరిక. న్యాయస్థానమున్నది యార్క్‌విల్ అను చిన్న పట్టణమున. సాక్ష్యము విని నివేదించుటకు జెరోమ్ నెల్సన్ అను ప్రత్యేకాధికారి నియమింపబడెను. 1952లో జరిగిన విచారణ వారముల తరబడి సాగెను. వాఙ్మూలముల వ్రాతప్రతి మూడువేల పుటలు మించెను. నాలుగు పుటల ఒడంబడిక ముందే వ్రాసికొని యుండినచో ఈ మూడువేల పుటలు వ్రాయవలసిన పని లేకపోయెడిది.

ప్రశ్నలు మూడు. శిల్పి ఇంత వ్యయములోపల కట్టింతునని నిశ్చయముగ మాట యిచ్చెనా? వ్యయము పెరుగుచున్న సంగతి యజమానురాలికి తెలియునా? ఆయన పనికి రుసుము ఉచితమని ఇరువురును భావించిరా? ఆమె యన్నది – ఆయన మాట నమ్మితిని, రుసుము ప్రస్తావన నాతో చేయలేదు. ఆయన యన్నది – ఆమెకు అన్నియు తెలియును, తెలిసియే పని సాగనిచ్చెను.

1953లో ప్రత్యేకాధికారి నివేదిక మీస్ పక్షమున వచ్చెను. వ్యయము పెరుగుట ఆమె యెరుగును. ఎరిగియు పని ఆపుమనలేదు. కావున మోసము రుజువు కాలేదని ఆయన అభిప్రాయము. మౌన మర్ధాంగీకార మందుము. న్యాయస్థానమున, బిల్లు చెల్లించుచు వహించిన మౌనము పూర్ణాంగీకారమే యగును. ఆపైన తగవు మరికొంతకాలము కొనసాగి, తుదకు ఇరువురును న్యాయస్థానము వెలుపల రాజీపడిరి.

మరి ఇంటిలోని అసౌకర్యముల మాట యేమి? ఇచ్చట చట్టములోని ఒక సూత్రము తెలిసికొనదగినది. శిల్పి యనువాడు తన వృత్తిలోని సామాన్య నిపుణుడు చూపదగు నేర్పును, శ్రద్ధను చూపవలెను. ఫలితము యజమాని మనసునకు నచ్చితీరునని ఆయన హామీ యిచ్చినట్లు చట్టము భావింపదు. వైద్యుని విషయమునను ఇదియే న్యాయము: శ్రద్ధతో చికిత్స చేయుట వైద్యుని ధర్మము, రోగము కుదిరితీరునని పూచీ లేదు. తన వృత్తికి నీడనిచ్చు సూత్రమే ఎదుటివానికి గూడ నీడ యగుట ఆ వైద్యురాలి విషయమున విధివిలాసము.

తీర్పునకు అందనిది

న్యాయస్థానము వెలను తేల్చగలిగెను. ఏలయన బిల్లులున్నవి, రసీదులున్నవి. కాని “నేను కోరిన ఇల్లు ఇదికాదు” అను ఆమె ఆవేదనను కొలుచుటకు ఏ కొలబద్దయు లేకపోయెను. ఏలయన, ఆమె కోరిన ఇల్లేదో ఎచ్చటను వ్రాసిలేదు. ఎందరు అతిథులు వత్తురు, ఎన్ని బట్టలు దాచవలెను, రాత్రివేళ తెర లెచ్చట నుండవలెను, వరద వచ్చినచో ఏమి గతి – ఇవి అల్పవిషయములు. కాని గృహమనగా ఈ అల్పవిషయముల మొత్తమే. శిల్పి కొక భావమున్నది. ఆమెకు కొన్ని అవసరము లున్నవి. ఈ రెండును ఒకే కాగితముపై పక్కపక్కన నిలిచిన దినము ఒక్కటియు లేదు.

ఆమె తప్పు లేదనుటయు సరికాదు. ఆమె అమాయకురాలు కాదు, విద్యావతి. నమూనా చూచెను, గాజుగోడలు చూచెను. అయినను కాగితముపై చూచిన ఇల్లు వేరు, అందు నిద్రించిన ఇల్లు వేరు. నిత్యము ఇండ్లు గీయువానికి ఆ తేడా తెలియును. జీవితమున ఒక్కమారు కట్టించుకొనువారికి తెలియదు. తెలిసినవాడు తెలియనివారికి ముందుగ చెప్పుట చట్టముకంటె పైనున్న ధర్మము.

1953లో హౌస్ బ్యూటిఫుల్ అను పత్రిక ఈ తీరు ఇండ్లపై తీవ్రముగ ధ్వజమెత్తగా, తగవు దేశవ్యాప్తమైన చర్చ యయ్యెను. 1954లో ఫాక్స్ నది పొంగి ఇంటిలోనికి ప్రవేశించెను. అయినను – ఇది విచిత్రము – ఫార్న్స్‌వర్త్ ఆ ఇంటిని వెంటనే విడువలేదు. ఇంచుమించు ఇరువది సంవత్సరములు వారాంతములందు అచ్చటనే గడపెను. 1972లో దానిని లండను నివాసియైన పీటర్ పాలంబోకు విక్రయించి ఇటలీ చేరెను. అచ్చట ఆమె మరల సాహిత్యమున మునిగి, యూజీనియో మోంటాలే కవితలను ఆంగ్లములోనికి అనువదించెను. ఆ కవికి తరువాత 1975లో నోబెలు బహుమతి లభించెను.

2003లో ఆ ఇల్లు వేలమునకు రాగా, చారిత్రక కట్టడములను కాపాడు సంస్థలు దానిని 75 లక్షల డాలర్లకు కొనెను. పదునైదువేల డాలర్ల హెచ్చు వ్యయమునకై మైత్రి చెడిన ఇంటికి అంత విలువ! 2021లో దానికి ఎడిత్ ఫార్న్స్‌వర్త్ గృహమని ఆమె పూర్తి పేరు పెట్టిరి. శిల్పికి మాత్రమే చెందినదని లోకము తలచిన ఇల్లు, కట్టించుకొన్న స్త్రీది కూడనని ఒప్పుకొనుటకు డెబ్బది యేండ్లు పట్టెను.

ఇట్టి తగవు ఇదియొక్కటియే కాదు. మన చండీగఢ నగరమును రచించిన ల కార్బుజియే, అంతకు చాల ముందు, పారిస్ సమీపమున పువాసీలో సవోయ్ కుటుంబమునకు ఒక ఇల్లు కట్టియిచ్చెను. 1931లో పూర్తియైన ఆ ఇంటి కప్పు వానకు కారుచునే యుండెను. ఇంటిని నివాసయోగ్యము చేయనిచో న్యాయస్థానమున కెక్కుదునని ఆ ఇల్లాలు 1937లో శిల్పిని హెచ్చరించెను. వ్యాజ్యము నడువక మునుపే ప్రపంచయుద్ధము వచ్చి, 1940లో ఆ కుటుంబము ఇల్లు విడిచెను. 1965లో ఫ్రెంచి ప్రభుత్వము ఆ ఇంటినే చారిత్రక కట్టడముగ ప్రకటించెను. లోకమునకు కళాఖండమైనది ఇల్లాలికి కారుకప్పు. రెండును నిజమే.

మన దేశమున

మన దేశమున సయితము ఈ ప్రశ్నలు కొత్తవి కావు. 1872 నాటి ఒడంబడికల చట్టము నోటిమాటతోనైన ఒడంబడికను కూడ సామాన్యముగ అంగీకరించును. అంతేకాదు; ఉచితముగ చేయవలెనను తలంపు లేక ఒకరు న్యాయముగ చేసిన పనివలన రెండవవారు లాభము పొందినచో, తగిన ప్రతిఫల మీయవలెనని ఆ చట్టము 70వ సెక్షను చెప్పుచున్నది. “వ్రాసికొనలేదు గదా” అని ప్లాను గీసినవానికి రుసుము ఎగవేయుట సాధ్యము కాదని దీని భావము. ఇక 1972 నాటి వాస్తుశిల్పుల చట్టము, నమోదైనవారు తప్ప ఇతరులు ఆ బిరుదు ధరింపరాదని శాసించెను. కాని ఆ నిషేధము బిరుదునకే గాని పనికి వర్తింపదని 2020లో సుప్రీముకోర్టు వివరించెను. కావున ప్లాను గీయువారి యోగ్యత నరసికొనవలసిన బాధ్యత కట్టించుకొనువారిదే. రుసుము పుచ్చుకొని చేసిన సేవలో లోపమున్నచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి కమిషనుల నాశ్రయింపవచ్చును.

మరియొక సంగతి చాలమందికి తెలియదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము శిల్పియొక్క కట్టడపు రచనను కూడ కళాకృతిగ పరిగణించును. రుసుము చెల్లించినంత మాత్రమున ప్లానుపై సర్వహక్కులు యజమానివి కావు. ఒక యింటికై గీసిన ప్లానుతో తమ్మునికొక ఇల్లు, బావమరదికొక ఇల్లు కట్టించుట తగవునకు దారితీయవచ్చును.

కావున పునాదిరాయి వేయుటకు ముందే కొన్ని మాటలు కాగితమున కెక్కవలెను. ఇంట నుండువారెవరు, వారి అవసరములేవి? వ్యయమునకు హద్దెంత? ఆ హద్దు దాటునపుడు ఎవరి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను? రుసుము ఎంత, ఏయే ఘట్టములందు చెల్లింపవలెను? పని పర్యవేక్షణ ఎవరిది? ప్లాను ఎవరిది? భేదము వచ్చినచో మధ్యవర్తి యెవరు? ఈ ప్రశ్నలు వేయుట అవిశ్వాసము కాదు. స్నేహితులైన వారికే ఇవి ఎక్కువ అవసరము. అపరిచితులకు పోవునది డబ్బే. స్నేహితులకు స్నేహము కూడ పోవును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో ‘అంచనా’, ‘వెల’, ‘వాగ్దానము’ అను మూడు మాటలను నల్లబల్లపై వ్రాసి, వాని భేదమును విద్యార్థులచే వాక్యములలో చెప్పించుడు. ఇది భాషాపాఠమువలె తోచును గాని జీవితపాఠము. ఫాక్స్ నది యొడ్డున ఆ గాజు ఇల్లు నేటికిని నిలిచియున్నది. దాని గోడలగుండ ఆవలి చెట్లు, ప్రవాహము స్పష్టముగ కనుపించును. దానిని కట్టిన ఇరువురు, ఒకరి మనసులోని మాట ఒకరికి అంత స్పష్టముగ కనుపింపజేసికొన లేకపోయిరి.